చూపు ఆనని పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఎలా

చిన్నపిల్లలకు రాత నేర్పే పద్ధతి మన ఊళ్ళలో తరతరాలుగా ఒకటే. పెద్దవాళ్ళు పలక మీద అక్షరం రాసి ఇస్తారు, పిల్లలు దాని మీద దిద్దుతారు, తర్వాత చూసి రాస్తారు, చివరికి చూడకుండా రాస్తారు. ఈ మెట్లన్నీ కంటిచూపును నమ్ముకుని కట్టినవే కాబట్టి చూపు సరిగా ఆనని పిల్లకు మొదటి మెట్టే అందదు. రాసిచ్చిన అక్షరం ఆ పిల్లకు ఒక మసక మరకగా మాత్రమే కనిపిస్తున్నప్పుడు దాని మీద ఎన్నిసార్లు దిద్దించినా ఆ మరకే చేతికి అలవాటవుతుంది. అందువల్ల ఇలాంటి పిల్లల విషయంలో వరస మార్చుకోవాలి. ముందు అక్షరం నడిచే దారి చేతికి తెలియాలి, ఆ దారిని నోటిమాట గుర్తుచేయాలి, కన్ను తనకు చేతనైనంత మేరకు వెనక వచ్చి సాయం చేయాలి. ఐదు నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇంట్లోనో, అంగన్‌వాడీలోనో, ఒకటి రెండు తరగతుల్లోనో రాత నేర్పుతున్న మన గోదావరి డెల్టా పెద్దల కోసం, ఇక్కడి ఇళ్ళలో దొరికే వస్తువులతోనే ఈ పని ఎలా సాగించవచ్చో రాస్తున్నాను.

ముందు కంటి సంగతి తేల్చుకోవాలి

రాత కుదరని పిల్లలందరికీ చూపులో లోపం ఉండదు. కొందరికి వేళ్ళలో పట్టు చాలదు, కొందరికి అక్షరం గుర్తు నిలవదు, కొందరికి అలవాటే తక్కువ. చూపును అనుమానించవలసిన గుర్తులు వేరేగా ఉంటాయి. పుస్తకం మీదికి ముఖం వాల్చి రాయడం, తలను ఎప్పుడూ ఒకే పక్కకు వంచడం, ఒక కన్ను మూసుకోవడం, వరస తప్పి కిందికో పైకో జారిపోవడం, ఒత్తులూ చుక్కలూ వదిలేయడం, కాసేపటికే కళ్ళు నులుముకోవడం, తలనొప్పి అనడం, పొద్దు వాలేసరికి రాత మరీ పాడవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. పిల్లకు వచ్చిన నాలుగైదు మాటలు ముందు నోటితో చెప్పి రాయించండి. తర్వాత అవే మాటలు బోర్డు మీద రాసి దూరం నుంచి చూసి రాయమనండి. ఆఖరున వాటినే కాగితం మీద రాసి, దగ్గర పెట్టి, చూసి రాయమనండి. చెబితే బాగా రాసి, చూసి రాసేటప్పుడే తప్పులు చేస్తే చిక్కు చాలావరకు చూపులో ఉందని అనుకోవచ్చు. దూరం నుంచి చూసినప్పుడే తప్పులా, దగ్గర నుంచి చూసినప్పుడు కూడానా అన్నది మరో ఆనవాలు. మూడు సందర్భాల్లోనూ ఒకేలా తడబడితే చేతి పట్టునూ జ్ఞాపకాన్నీ కూడా గమనించాలి. ఇది వైద్యపరీక్షకు బదులు కాదు గాని, డాక్టరుగారికి చెప్పడానికి ఎంతో పనికొస్తుంది.

బడుల్లో జరిగే కంటి పరీక్షలు ఎక్కువగా 6 మీటర్ల దూరపు చార్టుతో జరుగుతాయి. దూరదృష్టి (దూరం ఆని దగ్గర సరిగా ఆనని లోపం) ఉన్న పిల్ల ఆ చార్టు మొత్తం చదివేసి కూడా పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది పడవచ్చు. చిన్నపిల్లల కంటి కండరాలు బలంగా పనిచేసి అసలు నంబరును దాచేస్తాయి కాబట్టి, కంట్లో చుక్కలు వేసి పరీక్ష చేయమనీ, దగ్గరి చూపు కూడా చూడమనీ అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పరీక్షించే బృందాలు ఉన్నాయి. పెద్ద పరీక్షలకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కంటి విభాగం ఉంది. కళ్ళజోడుతో పూర్తిగా సరికాని చూపు అయితే విజయవాడలోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోటికి, మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే విభాగానికి తీసుకువెళ్ళాలి. మెల్లకన్ను గాని, ఒక కంటికి చూపు మందగించిన లేజీ ఐ గాని ఉంటే చికిత్స ఏడెనిమిదేళ్ళ లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది. వయసు వస్తే అదే సర్దుకుంటుందని ఎవరు చెప్పినా వినవద్దు.

డాక్టరుగారి దగ్గర ‘నంబరు ఎంత’ అని అడిగి ఊరుకోకండి. అద్దాలు పెట్టాక ఎంత చూపు ఉంటుంది, దగ్గర ఏ సైజు అక్షరం వరకు ఆనుతుంది, ఏ పక్క చూపు తగ్గింది, వెలుతురు ఎక్కువ కావాలా తక్కువ కావాలా అన్నవి అడిగి కాగితం మీద రాయించుకోండి. రాత నేర్పేవారికి అసలు కావలసినవి ఈ నాలుగు సంగతులే.

చోటు, వెలుతురు, ఆనిక

కోనసీమలో కొబ్బరితోటల నడుమ ఉన్న పెంకుటిళ్ళలో మిట్టమధ్యాహ్నం కూడా గది లోపల మసకగానే ఉంటుంది. అదే వసారాలోకి వస్తే సున్నం వేసిన గోడల మీది నుంచి, నీళ్ళు నిలిచిన చేల మీది నుంచి ఎదురుకొట్టే వెలుగు కళ్ళు చెదరగొడుతుంది. రెండూ ఇబ్బందే. వసారాలోనే కూర్చోబెట్టండి గాని, పిల్ల ముఖం వీధి వైపు కాకుండా ఇంటి వైపు ఉండేలా, వెలుతురు వెనక నుంచి ఎడమ భుజం మీదుగా కాగితం మీద పడేలా చూడండి. ఎడమచేత్తో రాసే పిల్లకైతే కుడి భుజం మీదుగా రావాలి. రాసే చేతి నీడ అక్షరం మీద పడకపోవడమే ఇందులో అసలు కిటుకు. రాత్రిపూట గది లైటు ఒక్కటే చాలదు. బల్బు కంటికి కనబడకుండా మూత ఉన్న చిన్న దీపం కాగితానికి దగ్గరగా పెట్టాలి. మన వైపు వానాకాలంలో కరెంటు పోవడం మామూలే కాబట్టి ఛార్జింగు దీపం ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

నేల మీద బాసింపట్టు వేసుకుని ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాసే పిల్ల మెడ పూర్తిగా వంగిపోతుంది, కాగితం మీద తన తల నీడే పడుతుంది. మన ఇళ్ళలో పారాయణానికి వాడే వ్యాసపీఠం దీనికి చక్కని మందు. దాని మీద ఒక పలుచని చెక్కను ఆనించి, కాగితాన్ని క్లిప్పుతో బిగిస్తే రాత కంటికి ఎదురుగా వస్తుంది. వ్యాసపీఠం లేకపోతే చెక్క ఒక అంచు కింద రెండు ఇటుకలు పెట్టినా సరిపోతుంది.

కాగితాన్ని ముఖానికి బాగా దగ్గరగా పెట్టుకోనివ్వండి. దగ్గర నుంచి చూస్తే కళ్ళు పాడవుతాయని పెద్దలు కసురుతుంటారు. చూపు తక్కువైన పిల్లకు దగ్గరగా చూడడమే అక్షరం పెద్దదిగా కనిపించే దారి, దానివల్ల కంటికి హాని ఏమీ లేదు. అలాగే కళ్ళు అటూ ఇటూ కదలాడే పిల్లలు (నిస్టాగ్మస్) తలను ఒక పక్కకు తిప్పి చూస్తారు. ఆ కోణంలోనే వాళ్ళ కళ్ళు కాస్త నిలకడగా ఉంటాయి కాబట్టి తల నిటారుగా పెట్టమని సరిదిద్దకూడదు, కాగితాన్నే వాళ్ళు చూసే వైపుకు జరపాలి.

పలక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బలపంతో గీసిన గీత సన్నగా, బూడిదరంగుగా ఉంటుంది. పాతబడి, తుడిచి తుడిచి తెల్లబారిన పలక మీద అది మామూలు కంటికే సరిగా ఆనదు. కొత్తగా నల్లరంగు పూసిన చెక్క మీద లావు సుద్దముక్క గాని, మెరుపు లేని తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్ను గాని వాడండి. వెలుతురు భరించలేని పిల్లలకు తెల్ల కాగితం కంటే నల్లచెక్కే హాయిగా ఉంటుంది. పెన్సిలు దశకు వచ్చాక మామూలు హెచ్‌బి కంటే ముదురుగా రాసే 4బి, 6బి పెన్సిళ్ళు కొనండి.

చేతికి దారి నేర్పడం

అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి పిల్లచేత వేలితో రాయించడం మనకు ఉన్న ఆచారమే. ఆ పనిని ఆ ఒక్క పూటతో ఆపకుండా నెలల తరబడి కొనసాగించడమే నేను చెప్పే మొదటి పని. స్టీలు పళ్ళెం తళతళలాడి కంటికి అడ్డం వస్తుంది కాబట్టి నల్లని ప్లాస్టిక్ పళ్ళెం తీసుకుని అందులో పలుచగా బియ్యప్పిండి పరచండి. వేలితో గీసిన చోట పిండి తొలగి నల్లని గీత తేలుతుంది. వేలికి స్పర్శ, కంటికి తెలుపు మీద నలుపు, రెండూ ఒకేసారి అందుతాయి. సున్నపు ముగ్గుపిండి మాత్రం వాడకండి, కంట్లో పడితే మండుతుంది. జల్లెడ పట్టిన ఏటి ఇసుకను కాస్త తడిపి పోస్తే గీత చెదరకుండా నిలుస్తుంది, వేలికి గరుకు బాగా తెలుస్తుంది.

దీనికంటే ముందు ఇంకా పెద్దగా మొదలుపెట్టాలి. గచ్చు మీద తడిబట్టతోనో, రంగులు వేసే బ్రష్షును నీళ్ళలో ముంచో మూర పొడవున అక్షరం రాయించండి. భుజం నుంచి చెయ్యి మొత్తం కదులుతుంది, తడి ఆరేలోగా దాని మీద మళ్ళీ నడవవచ్చు. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు పెట్టే వేళ మగపిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. నాలుగు చుక్కలు పెద్దగా పెట్టి, ఒక చుక్క నుంచి మరో చుక్కకు గీత లాగించడం కంటినీ చేతినీ కలిపే మంచి సాధన.

చెయ్యి పట్టుకుని దిద్దించేటప్పుడు మనం పిల్ల చేతిని పైనుంచి గట్టిగా పట్టుకుంటాం. చూపు తక్కువైన పిల్లకు చేతులే కళ్ళకు సాయం కాబట్టి ఆ చేతులను బంధించడం తగదు. మీ చెయ్యి కింద ఉండాలి, పిల్ల చెయ్యి మీ చేతి మీద తేలికగా ఆని ఉండాలి. మీ చెయ్యి కదిలితే ఎటు పోతోందో ఆ పిల్ల తనంతట తాను గమనిస్తుంది, ఇష్టం లేకపోతే తీసేసుకోగలుగుతుంది. రెండు మూడుసార్లు అలా నడిపాక మీరు చెయ్యి తప్పించి, పిల్లనే రాయనివ్వండి.

గీత సాగుతున్నంతసేపూ దారిని మాటలతో చెప్పండి. మాటలు తక్కువగా ఉండాలి, ఎప్పుడూ అవే ఉండాలి. ‘ర’ నేర్పేటప్పుడు ఇలా చెప్పవచ్చు: “పైన మొదలెట్టు నాన్నా, ఎడమ పక్కగా దిగు, అడుగున తిరుగు, కుడి పక్కగా ఎక్కు, మొదలెట్టిన చోటే కలుపు, ఇప్పుడు నెత్తిన తలకట్టు పెట్టు.” కొన్నాళ్ళకు పిల్లే ఆ మాటలు పైకి అనుకుంటూ రాస్తుంది, ఆ తర్వాత లోలోపల అనుకుంటుంది. బడిలో వేరే చోట మొదలెట్టి రాయిస్తున్నట్టయితే టీచరుగారితో మాట్లాడి ఇద్దరూ ఒకే దారికి రండి. అమ్మ ఒకలాగా, మేష్టారు ఒకలాగా నడిపితే చేతిని నమ్ముకున్న పిల్లకు రెండూ పోతాయి.

అక్షరమాల వరసలో ‘అ’తో మొదలుపెట్టవలసిన పని లేదు. ‘అ’, ‘ఋ’, ‘ఐ’ వంటివి మెలికలు ఎక్కువున్న అక్షరాలు. గుండ్రంగా ఒకే తిరుగుడుతో వచ్చే సున్న, ర, ఆ పైన వంపు తిరిగే గ, తర్వాత వ, ప ఇలా చేతి కదలికను బట్టి గుంపులు కట్టుకుంటే ఒక దారి తెలిసిన చెయ్యి పక్క దారిని సులువుగా పడుతుంది. అక్షరాల పాట నోటికి వరసగానే రానివ్వండి, రాతకు మాత్రం ఈ వరస వేరు.

తెలుగులో చిన్న గుర్తులే పెద్ద చిక్కు

తెలుగు అక్షరం ఒళ్ళు పెద్దదే, గుండ్రంగా స్పష్టంగా ఉంటుంది. అర్థాన్ని మార్చేవి మాత్రం చాలా చిన్న గుర్తులు. ర నడుమ చుక్క పెడితే ఠ అవుతుంది. ద అడుగున నిలువు గీత పెడితే ధ, ఆ గీతతో పాటు కడుపులో చుక్క కూడా పెడితే థ. ప అడుగున గీత వస్తే ఫ. ‘కి’ మీది గుడికి కొసన ఒక చిన్న మెలిక చేరితే ‘కీ’ అవుతుంది, ‘కె’కూ ‘కే’కూ తేడా కూడా అలాంటిదే. ప కు తలకట్టు ఒంటి నుంచి విడిగా ఉంటుంది, వ కు అంటుకుని ఉంటుంది. చూపు మందగించిన కంటికి మొదట మాయమయ్యేవి ఈ గుర్తులే. అందుకే ఈ పిల్లలు ‘వ’ బదులు ‘ప’, ‘మ’ బదులు ‘వు’ రాస్తే అది బద్ధకమో మతిమరుపో కాదు, వాళ్ళకు కనిపించినది అదే.

ఈ గుర్తులను మామూలు కొలతలో నేర్పడం మొదలుపెడితే లాభం లేదు. మొదట్లో వాటిని ఉండవలసిన దానికంటే లావుగా, వేరే రంగులో, చేతికి తగిలేలా చేసి ఇవ్వాలి. అట్టముక్క మీద ర ను నల్లగా పెద్దగా రాసి, నడుమ ఒక శనగగింజను ఫెవికాల్‌తో అంటించండి. పక్కన గింజ లేని ర మరొకటి ఉంచండి. వేలితో తడిమి ఏది ర, ఏది ఠ అని చెప్పనివ్వండి, ఆ తర్వాత రాయనివ్వండి. ధ అడుగున కొబ్బరి ఈనె ముక్క అంటించవచ్చు. గుడిదీర్ఘం కొస మెలికను లావు దారంతో పెట్టవచ్చు. చేతికి తేడా తెలిసిన వారం పది రోజులకు గింజ తీసేసి అక్కడ ఎర్రటి పెద్ద చుక్క ఉంచండి, తర్వాత ఆ చుక్కను నల్లగా చేయండి, ఆ తర్వాత మామూలు కొలతకు తగ్గించండి. ఒక మెట్టు గట్టిపడకుండా రెండో మెట్టు ఎక్కించకండి.

ఒకేలా ఉండే అక్షరాలను ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పడం కూడా సరికాదని నా అభిప్రాయం. వ బాగా స్థిరపడ్డాక కొన్ని రోజుల ఎడం ఇచ్చి ప మొదలుపెట్టండి. రెండూ వచ్చాక అప్పుడు పక్కపక్కన పెట్టి తేడా పట్టించండి.

మాటల దగ్గరికి వచ్చేసరికి తెలుగు రాతకు మూడు అంతస్తులు కావాలన్న సంగతి గుర్తుంచుకోవాలి. ‘కొబ్బరి’ అనే మాటనే చూడండి. క, బ, ర ల ఒళ్ళు నడిమి అంతస్తులో ఉంటుంది. ఒత్వమూ, రి మీది గుడీ పై అంతస్తులో ఉంటాయి. బ కింద ఒత్తు అడుగు అంతస్తులో ఉంటుంది. చూపు తక్కువైన పిల్ల ఈ మాటను ‘కొబరి’ అని రాస్తే చాలాసార్లు కారణం ఒత్తు తెలియకపోవడం కాదు, ఒత్తుకు చోటెక్కడో తెలియకపోవడం. కింది వరస అక్షరాల నెత్తి మీద ఒత్తు పడి రెండూ కలిసిపోతాయి, ఆ చిక్కు తప్పించుకోవడానికి పిల్ల ఒత్తునే వదిలేస్తుంది. ముందు ఒత్తులూ పై గుర్తులూ లేని మాటలు (పడవ, వల, పలక), తర్వాత పై గుర్తులు మాత్రమే ఉన్న మాటలు (నీరు, గేదె, కోడి), ఆ తర్వాత తల్లి అక్షరాన్ని పోలిన ఒత్తులున్న మాటలు (కొబ్బరి, చెట్టు, గడ్డి), చివరికి త, న, మ, య, ర, ల ఒత్తుల మాటలు నేర్పండి. ఈ ఆఖరి ఆరు ఒత్తులకు తమ అక్షరాలతో పోలిక ఉండదు కాబట్టి వాటిని కొత్త అక్షరాలు నేర్పినట్టే, పిండి పళ్ళెం నుంచి మొదలుపెట్టి నేర్పాలి.

గీతలు, అంచులు

బజారులో దొరికే నాలుగు గీతల కాపీ పుస్తకం ఇంగ్లీషు అక్షరాల కోసం చేసినది, మన ఒత్తులకు అందులో చోటు చాలదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి మీరే గీతలు గీయండి. నడిమి గదికి 2 సెంటీమీటర్లు, పై గదికి 1, అడుగు గదికి 1న్నర ఉంచితే మొదట్లో సరిపోతుంది. అన్ని గీతలూ ఒకే లావున గీస్తే కళ్ళు తికమకపడతాయి. అక్షరం కూర్చునే గీతను మాత్రం నల్లగా, లావుగా గీసి, మిగతావి పలుచగా వేరే రంగులో గీయండి. వరసకూ వరసకూ మధ్య ఖాళీ వదలండి. అక్షరం కొలత ఎంతుండాలన్నదానికి ఒక లెక్క పెట్టుకోవచ్చు. పిల్ల తప్పు లేకుండా, కష్టపడకుండా చదవగలిగే అతి చిన్న అక్షరం ఎంతుందో చూసి, రాత కనీసం దానికి రెట్టింపు కొలతలో ఉంచండి. తన రాతను తాను చదువుకోలేని పిల్లకు రాత మీద ఆశ కలగదు.

గీత కంటికి ఆనకపోతే చేతికి తగిలేలా చేయాలి. ఫెవికాల్‌ను గీతలాగా పోసి ఆరనిస్తే ఉబ్బెత్తుగా నిలుస్తుంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లే ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒక నాయనమ్మగారు మనవరాలి కోసం దళసరి అట్ట మీద లేసు దారంతో అడ్డంగా వరసలు కుట్టి, దాని మీద పలుచని కాగితం పెట్టి ఇచ్చారు. ఆ పిల్ల ఎడమ చూపుడువేలిని కాగితం అడుగున తగిలే దారం మీద ఆనించి, కుడిచేత్తో దాని పైన అక్షరం రాసి, వేలిని కాస్త జరిపి, మళ్ళీ రాస్తుంది. మాటకూ మాటకూ మధ్య వేలెడు ఎడం దానంతటదే వస్తుంది. వరస చివర దారం ముడి తగలగానే ఆగి కింది వరసకు దిగుతుంది. నేను చూసిన సాధనాల్లో ఇంత చవకగా, ఇంత బాగా పనిచేసేది మరొకటి లేదు. ఇదే పనికి నల్ల అట్టలో పొడవాటి కిటికీ కత్తిరించి కాగితం మీద పెట్టడం మరో పద్ధతి. ఒక్క వరసే కనిపిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్నవాటితో చూపు చెదిరే పిల్లలకు అది బాగుంటుంది.

లోపాన్ని బట్టి మార్పులు

లేజీ ఐ చికిత్సలో బాగున్న కన్నుకు పట్టీ వేస్తారు. ఆ గంటల్లో పిల్ల బలహీనమైన కంటితోనే రాయాలి. సన్నని రాత పని అప్పుడు పెట్టకుండా ముగ్గులు, పెద్ద అక్షరాలు, రంగులు వేయడం వంటివి పెట్టండి. బడి రాత పట్టీ లేని వేళకు ఉంచుకోండి, కాకపోతే ఆ వేళ ఎంతసేపన్నది డాక్టరుగారు చెప్పినట్టే ఉండాలి.

ఒక పక్క చూపు లేని పిల్లలు కాగితంలో ఆ పక్క సగాన్ని వదిలేస్తారు. ఎడమ వైపు కనిపించకపోతే ఎడమ అంచున లావుపాటి ఎర్ర గీత గాని దారం గాని పెట్టి, ప్రతి వరసా అక్కడి నుంచి వెతికి మొదలుపెట్టడం నేర్పండి, కాగితాన్ని కాస్త కనిపించే పక్కకు జరపండి.

కొందరికి కళ్ళు బాగానే ఉండి, చూసిన దాన్ని మెదడు పోల్చుకోవడంలో చిక్కు ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, పుట్టేటప్పుడు ఊపిరి అందక ఇబ్బంది పడిన పిల్లల్లో ఇది కనిపించవచ్చు. నిన్న చూసిన అక్షరం ఇవాళ తెలియదంటారు, ఒకే పేజీలో ఎక్కువ బొమ్మలుంటే ఏదీ తెలియదంటారు. దీన్ని మొండితనం అనుకుని ఎందరో పిల్లలు దెబ్బలు తింటున్నారు. వీళ్ళకు ఒక కాగితం మీద ఒకే అక్షరం, నల్లని నేపథ్యం మీద పసుపో ఎరుపో రంగులో ఇవ్వాలి. చుట్టూ టీవీ మోత, మాటల సందడి ఉండకూడదు. అలసట కనిపించగానే ఆపేయాలి.

నిజానికి అలసట అందరి విషయంలోనూ ముఖ్యమే. చూపు తక్కువైన పిల్ల ఒక పేజీ రాయడానికి పడే శ్రమ మామూలు పిల్ల పడే శ్రమకు ఎన్నో రెట్లు. పది నిమిషాలు రాయించి, లేచి తిరగనిచ్చి, మళ్ళీ పది నిమిషాలు కూర్చోబెట్టడం ఒకే ఊపున గంటసేపు రాయించడం కంటే మేలు.

బడిలో

బోర్డు మీద చూసి రాయడం ఈ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని. ప్రతిసారీ కన్ను దూరానికీ దగ్గరకూ మారాలి, బోర్డు మీద వదిలిన చోటు మళ్ళీ వెతుక్కోవాలి, కాగితం మీద వదిలిన చోటు మళ్ళీ వెతుక్కోవాలి. టీచరుగారు ఆ పాఠాన్ని ఒక కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి బల్ల మీద పెడితే సగం కష్టం తీరుతుంది. ముందు వరసలో, బోర్డుకు ఎదురుగా, కిటికీ వెలుగు బోర్డు మీద మెరవని చోట కూర్చోబెట్టాలి. అందరికీ పది వరసలు ఇచ్చినచోట వీళ్ళకు నాలుగు చాలు. రాత బాగాలేదని వందసార్లు ఇంపోజిషన్ రాయించడం వల్ల చెయ్యి నొప్పి పెట్టి, తప్పు దారి గట్టిపడడం తప్ప ఒరిగేదేమీ లేదు. తప్పును దిద్దేటప్పుడు సన్న పెన్నుతో మూలన దిద్దకుండా, పక్కనే పెద్దగా రాసి, ఏం తేడా వచ్చిందో నోటితో చెప్పండి: “అమ్మా, ద బాగా వచ్చింది, కింద గీత పెట్టు, ధ అవుతుంది.”

మండల స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి బడి టీచరుతో మాట్లాడించండి. అద్దాలు పెట్టుకున్నా మంచి కంటిలో చూపు 6/18 కంటే తక్కువగా ఉంటే, అంటే మామూలు కంటికి 18 మీటర్ల నుంచి ఆనే అక్షరం 6 మీటర్ల దగ్గరికి వచ్చినా ఆనకపోతే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అల్పదృష్టిగా గుర్తిస్తుంది. వైకల్యాన్ని పరీక్షించే ప్రభుత్వ సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తీసుకుంటే మున్ముందు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటివి అడగడానికి ఆధారం ఉంటుంది.

బ్రెయిలీ ఎప్పుడు

ఎంత పెద్దగా రాసినా రెండు మూడు అక్షరాల తర్వాత చదవలేని పిల్లకు, చూపు రోజురోజుకూ తగ్గుతుందని డాక్టరు చెప్పిన పిల్లకు రాతతో పాటు బ్రెయిలీ కూడా చిన్నప్పుడే మొదలుపెట్టాలి. వేలితో తడిమి చదివే ఆరు ఉబ్బెత్తు చుక్కల కూర్పులతో నడిచే ఈ లిపిలో భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో భారతి బ్రెయిలీ ఏర్పడింది, తెలుగు కూడా దానిలోనే రాస్తారు. బ్రెయిలీ నేర్పితే ఉన్న చూపు వాడడం మానేస్తుందని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. రెండూ పక్కపక్కన నేర్చుకుని, ఇంటి దగ్గర చిన్న చీటీకి రాతను, పాఠం చదవడానికి బ్రెయిలీని వాడుకునే పిల్లలు ఉన్నారు. పూర్తిగా చూపు లేని పిల్లకు కూడా తన పేరు సంతకం చేయడం వరకు చేతిరాత నేర్పండి. కిటికీ కత్తిరించిన అట్టముక్క, పిండి పళ్ళెం, దారి చెప్పే మాటలు, ఈ మూడింటితోనే అది వస్తుంది.

ఏటా తరగతి మారి కొత్త టీచరు వచ్చినప్పుడల్లా మొదటి నుంచి చెప్పుకునే అవసరం లేకుండా ఒక కాగితం తయారుచేసి పిల్ల సంచిలో ఉంచండి. అందులో అద్దాల నంబరు, ఆనే అక్షరం కొలత, కూర్చోవలసిన చోటు, వెలుతురు సంగతి, వాడే పెన్సిలు, వచ్చిన అక్షరాలు, ఇంకా తికమకపడుతున్న జంటలు, మీరు వాడే దారి మాటలు రాసి, ప్రతి మూడు నెలలకూ ఒకసారి మార్చి రాయండి.